ఇంట్లో సోరియాసిస్, ఎగ్జిమా ఉన్నప్పుడు కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏం వస్తుంది, ఏం రాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీవారికి పదేళ్లుగా సోరియాసిస్ ఉంది, ఈమధ్య వేళ్ల కీళ్లు కూడా పట్టేస్తున్నాయి. ఆరేళ్ల పాపకు పసితనం నుంచీ ఎగ్జిమా. మీరు హైదరాబాద్‌లో కొత్త కంపెనీలో చేరుతున్నారు, అక్కడ ఐదు లక్షల గ్రూప్ మెడిక్లెయిమ్ ఇస్తామన్నారు. నెలనెలా క్రీములకు, డాక్టర్ రాయబోతున్న ఇంజెక్షన్లకు అందులోంచి డబ్బు వస్తుందా? ముందునుంచీ ఉన్న జబ్బని చెబితే కొట్టేస్తారా? విడిగా సొంత పాలసీ కూడా తీసుకోవాలా?

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. పాత జబ్బు అన్న కారణంతో చాలా గ్రూప్ పాలసీలు క్లెయిమ్ కొట్టేయవు. కానీ అవి డబ్బిచ్చేది ఆసుపత్రిలో చేరినప్పుడే. క్రీములు, మాయిశ్చరైజర్లు, డాక్టర్ ఫీజు, లైట్ థెరపీ ఇవన్నీ ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్స) ఖర్చు కిందికి వస్తాయి. మీ కంపెనీ విడిగా ఓపీడీ బెనిఫిట్ ఇస్తేనే వాటికి డబ్బు వస్తుంది. ఇంజెక్షన్లు ఈ రెండింటికీ మధ్యలో పడతాయి, పాలసీ కాగితంలో రెండు మూడు వాక్యాలు ఎలా రాశారన్నదాన్ని బట్టి తేలుతుంది. సొంత పాలసీ తప్పకుండా తీసుకోండి, అయితే సోరియాసిస్ ఖర్చు దాని నుంచి రాబట్టవచ్చన్న ఆశతో కాదు.

ఎందుకో చెబుతాను. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాలసీ తీసుకునేవారి సమ్మతితో బీమా కంపెనీలు శాశ్వతంగా మినహాయించగల జబ్బుల పట్టిక ఒకటి ఉంది. గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులతో పాటు అందులో చర్మపు జబ్బుల వర్గం కూడా ఒకటి ఉంది: ఐసీడీ (జబ్బులకు ఇచ్చే అంతర్జాతీయ కోడ్‌లు) కోడ్ ఎల్ 40 నుంచి ఎల్ 45 వరకు. సోరియాసిస్ ఎల్ 40, లైకెన్ ప్లానస్ ఎల్ 43. అంటే సొంత పాలసీకి దరఖాస్తు చేస్తే మీవారికి పాలసీ ఇస్తూనే సోరియాసిస్‌ను పక్కన పెట్టవచ్చు. పక్కన పెట్టకపోతే వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు డబ్బివ్వని తొలి కాలం) వేస్తారు. 2024 ఏప్రిల్ నుంచి అది గరిష్ఠంగా 36 నెలలు. పాప ఎగ్జిమా కోడ్ ఎల్ 20, బొల్లి ఎల్ 80. ఇవి ఆ వర్గంలో లేవు, కాబట్టి పాపకు సొంత పాలసీ దొరకడం అంత కష్టం కాదు. మీవారి విషయంలో మాత్రం కంపెనీ గ్రూప్ పాలసీయే అసలు ఆధారం. దాన్ని ఆఫర్ లెటర్‌లో ఒక లైనుగా చూసి వదిలేయకండి.

చేరిన మొదటి నెలలో చేయాల్సినవి

హెచ్ఆర్ చూపించే రంగురంగుల స్లైడ్ చాలదు. పాలసీ షెడ్యూలు, పాలసీ నిబంధనల పూర్తి పీడీఎఫ్ అడగండి. ఇవ్వడానికి మొహమాటపడితే బ్రోకర్ మెయిల్ ఐడీ తీసుకుని వాళ్లనే అడగండి. అందులో చూడాల్సింది ఇది: పాత జబ్బులకు వెయిటింగ్ మాఫీ అయిందా, మొదటి 30 రోజుల వెయిటింగ్ మాఫీ అయిందా, కొన్ని జబ్బులకు విడిగా ఉండే రెండేళ్ల వెయిటింగ్ కూడా మాఫీ అయిందా. పెద్ద కంపెనీల్లో మూడూ మాఫీ అయి ఉంటాయి. పది పదిహేను మందున్న చిన్న కంపెనీలు ప్రీమియం తగ్గించుకోవడానికి మొదటిదాన్ని వదిలేస్తుంటాయి. మాఫీ ఇవ్వాలన్న చట్టమేమీ లేదు, అది కంపెనీ బేరమాడి కొనుక్కునే సౌకర్యం.

కుటుంబ సభ్యుల నమోదుకు సాధారణంగా 15 నుంచి 30 రోజుల గడువిస్తారు. ఆ లింకు తప్పిపోతే మళ్లీ రెన్యువల్ దాకా ఆగాల్సిందే. మధ్యలో చేర్చుకునేది కొత్తగా పెళ్లైన భాగస్వామిని, అప్పుడే పుట్టిన బిడ్డను మాత్రమే. అదీ గడువులోపు చెబితేనే. పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. పాప పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో, స్కూల్లో ఇంటిపేరు లేకుండా ఉండడం మన ఇళ్లలో మామూలే. క్యాష్‌లెస్ డెస్క్ దగ్గర అర్ధరాత్రి అదే పెద్ద తలనొప్పి అవుతుంది. ఈ-కార్డులు డౌన్‌లోడ్ చేసి ముగ్గురి వివరాలూ సరిచూసుకోండి.

నమోదు సమయంలోనే వాలంటరీ టాప్-అప్ (కంపెనీ ఇచ్చే బీమా మొత్తం మీద అదనంగా కొనుక్కునేది) కావాలా అని అడుగుతారు, ప్రీమియం మీ జీతంలోంచి కోస్తారు. మీ ఇంటి పరిస్థితికి ఇది తీసుకోవాలని గట్టిగా చెబుతాను. కంపెనీ ద్వారా వచ్చే టాప్-అప్‌లకు చాలాచోట్ల పాత జబ్బుల మాఫీ వర్తిస్తుంది, బయట కొనే టాప్-అప్‌కు వర్తించదు. కారణం కింద ఇంజెక్షన్ల దగ్గర లెక్కతో సహా చెబుతాను.

క్రీములు, మాయిశ్చరైజర్లు

ఓపీడీ బెనిఫిట్ ఉన్నా ఇక్కడే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. బీమా కంపెనీలు చెల్లించని వస్తువుల పట్టికలో క్రీములు, పౌడర్లు, లోషన్లు ఉన్నాయి. కానీ ఆ లైనులోనే ఒక షరతు కూడా ఉంది: సౌందర్య సాధనాలైతే ఇవ్వరు, డాక్టర్ రాసిన మందులైతే ఇస్తారు. ఎగ్జిమా పిల్లలకు మాయిశ్చరైజర్ మందే, కాని బిల్లు చూసే మనిషికి అది షాంపూ పక్కన ఉండే లోషన్‌లా కనబడుతుంది. అతనికి సందేహం రాకుండా చీటీ రాయించుకోవాలి.

చీటీలో ఆరు ఉండాలి: జబ్బు పేరు, మందు పేరు శాతంతో సహా, ఎక్కడ రాయాలి, రోజుకు ఎన్నిసార్లు, వారానికి ఎన్ని గ్రాములు, ఎన్ని వారాలు. చివరి రెండూ దాదాపు ఏ డాక్టరూ తనంతట తాను రాయరు, అడిగితే రాస్తారు. "మాయిశ్చరైజర్ రోజూ రెండుసార్లు" అని ఊరుకుంటే, నెలకు మీరు కొన్న పది ట్యూబుల్లో ఒకటో రెండో మాత్రమే ఇస్తారు. "ఎటోపిక్ డెర్మటైటిస్, పారఫిన్ ఆధారిత మాయిశ్చరైజర్, ఒళ్లంతా రోజుకు రెండుసార్లు, వారానికి 250 గ్రాములు, 8 వారాలు" అని ఉంటే కత్తిరించడానికి కారణం ఉండదు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములన్నది వైద్య మార్గదర్శకాల్లో ఉన్న మోతాదే, ఎవరూ అతి అనరు.

స్టిరాయిడ్ క్రీములకు లెక్క వేరు. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి తీస్తే సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పాప మోచేతుల మడతలు, మోకాళ్ల వెనక భాగం కలిపి అంతే చోటైతే, రోజుకొకసారి చొప్పున రెండు వారాలకు 7 గ్రాములు చాలు. నెలకు ఐదు ట్యూబులు బిల్లు పెడితే అడుగుతారు, అడగడం సబబే. ముఖానికి టాక్రోలిమస్ రాస్తే పిల్లలకు 0.03 శాతమే ఉందా అని చీటీలోనూ, మందుల షాపులోనూ రెండుచోట్లా చూసుకోండి. 0.1 శాతం పెద్దవాళ్లది.

మందుల బిల్లు మీద రోగి పేరు ఉండాలి. యాప్‌లో ఆర్డర్ చేస్తే ఖాతా ఉన్నవాళ్ల పేరు మీద, అంటే మీ పేరు మీద బిల్లు వస్తుంది. చీటీ పాప పేరు మీద ఉంటుంది. ఓపీడీ క్లెయిములు తిరిగి రావడానికి ఇదొక పెద్ద కారణం. ఆర్డర్ చేసేటప్పుడే పేషెంట్ పేరు మార్చండి. బ్యాచ్ నంబరు, డాక్టర్ పేరు లేని చేతిరాత బిల్లులు తీసుకోకండి. చీటీ పాతదైతే కూడా వెనక్కి పంపుతారు, దీర్ఘకాలిక జబ్బుకు ఆరు నెలలకొకసారైనా కొత్తగా రాయించుకోవడం మంచిది.

లైట్ థెరపీ

311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీని వారానికి రెండు మూడుసార్లు ఇస్తారు. సోరియాసిస్‌కు 20 నుంచి 30 సిట్టింగులు మామూలు, బొల్లికైతే నెలల తరబడి పడుతుంది. ఒక్కో సిట్టింగ్ నిమిషాల పని. కానీ రాకపోకలు కలిపి గంటన్నర రెండు గంటలు పోతుంది. డబ్బుకంటే ఈ టైమే మనుషుల్ని మధ్యలో మానిపించేస్తుంది. మధ్యలో మానితే అప్పటిదాకా చేసిన ఖర్చంతా వృథా. అందుకే మొదలుపెట్టకముందే డాక్టర్ దగ్గర "వారానికి మూడుసార్లు, పది వారాలు" అని లెటర్ తీసుకుని, మీవారి ఆఫీసులో ఆ రోజులకు రెండు గంటలు ఆలస్యంగా రావడానికి రాతపూర్వకంగా అనుమతి అడగండి. సెలవు అడగడం కాదిది, వేళలు సర్దమనడం. తేదీలతో అడిగితే చాలామంది మేనేజర్లు ఒప్పుకుంటారు.

క్లినిక్‌లు పది సిట్టింగులకు ప్యాకేజీ అని ఒకే బిల్లు ఇస్తాయి. ఓపీడీ క్లెయిమ్‌కు అది పనికిరాదు. జరిగిన ప్రతి తేదీ, ఆ రోజు ఇచ్చిన డోసు ఉన్న షీటు జతచేయమనండి. ఇంట్లో వాడే యూనిట్ కొంటే దాదాపు ఏ పాలసీ ఇవ్వదు.

ఇంజెక్షన్లు

వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయన్నారు కాబట్టి ఇది మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అసలు మాట ముందు: కీళ్ల నొప్పులను చర్మ డాక్టర్‌కు మాత్రమే చెప్పి ఊరుకోకండి. రుమటాలజిస్టుకు చూపించి, సోరియాటిక్ ఆర్థరైటిస్ అయితే ఆ పేరు కాగితం మీదికి రావాలి. ఆలస్యమైతే కీళ్లకు జరిగే నష్టం వెనక్కి రాదు. పైగా కీళ్ల జబ్బని ఉన్న క్లెయిమ్‌ను "చర్మానికి అందం కోసం" అని తోసిపుచ్చడం ఎవరికీ కుదరదు.

2019 మార్గదర్శకాలలోనే మరో పట్టిక ఉంది, బీమా కంపెనీలు మినహాయించకూడని ఆధునిక చికిత్సలది. అందులో "మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్ రూపంలో ఇవ్వడం" ఒకటి. సెకుకినుమాబ్, అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, దద్దుర్లకు వాడే ఒమలిజుమాబ్ అన్నీ మోనోక్లోనల్ యాంటీబాడీలే. అయితే ఈ పట్టిక ఆసుపత్రి చికిత్సకో, డే కేర్‌కో (రాత్రి ఉంచుకోకుండా అదే రోజు పంపేసే ఆసుపత్రి చికిత్స) వర్తించేలా ఉంటుంది, దానికి సబ్‌లిమిట్ (ఆ చికిత్సకు మాత్రమే విడి పరిమితి) పెట్టుకునే వీలూ ఇచ్చారు. మీ పాలసీలో మోనోక్లోనల్ అన్న పదం వెతికి, ఎదురుగా సమ్ ఇన్సూర్డ్‌లో (మొత్తం బీమా సొమ్ములో) ఎంత శాతమని ఉందో చూడండి. 25 శాతం అని ఉందంటే మీ ఐదు లక్షల్లో దీనికి మిగిలేది లక్షా పాతికవేలే.

ఇక ఇన్‌ఫ్లిక్సిమాబ్ సెలైన్‌లా రెండు గంటలు ఎక్కిస్తారు, తర్వాత కాసేపు గమనించాలి. డే కేర్‌గా ఇది తేలిగ్గా ఆమోదం పొందుతుంది. సెకుకినుమాబ్, అడాలిముమాబ్ చర్మం కింద వేసేవి, ఇంట్లో కూడా వేసుకోవచ్చు. అందుకే టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) "ఓపీడీలో చేయదగ్గ చికిత్స" అని తిప్పి పంపుతుంది. దీనికి మందు ముందస్తు ఆమోదమే. మొదటి డోసుకు కనీసం వారం ముందు ఈ కాగితాలతో ప్రీ-ఆథ్ పెట్టించండి:

- డాక్టర్ లెటర్. అందులో ఒంటి మీద ఎంత శాతం జబ్బు ఉంది, పాసీ స్కోరు (జబ్బు తీవ్రత) ఎంత, డీఎల్‌క్యూఐ స్కోరు (రోజువారీ జీవితం మీద ప్రభావం) ఎంత అన్నవి అంకెల్లో. మూడింటిలో ఏదైనా 10 దాటితే తీవ్రమైనదని వైద్యంలో వాడుక.
- ఇప్పటిదాకా వాడినవి: మెథోట్రెక్సేట్ వారానికి ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని నెలలు, ఎందుకు ఆపారు (లివర్ రిపోర్టు జతచేస్తే సగం పని అయినట్టే).
- టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ, సీ రిపోర్టులు. ఇవి లేకుండా ఏ మంచి డాక్టరూ మొదలుపెట్టరు, టీపీఏ కూడా అడుగుతుంది.
- ఏడాదికి డోసుల షెడ్యూలు.

షెడ్యూలు ఎందుకంటే, డబ్బు లెక్క అక్కడే బయటపడుతుంది. సోరియాసిస్‌కు సెకుకినుమాబ్ 300 మిల్లీగ్రాముల చొప్పున 0, 1, 2, 3, 4 వారాల్లో, తర్వాత నాలుగు వారాలకొకసారి వేస్తారు. మొదటి ఏడాదిలో 16 సార్లు. ఒక్కోసారి 150 మిల్లీగ్రాముల సిరంజీలు రెండు, మొత్తం 32. అడాలిముమాబ్ మొదట 80, వారం తర్వాత 40, ఆపైన రెండు వారాలకొకసారి 40. ఏడాదికి 40 మిల్లీగ్రాములవి 28. ఆసుపత్రి ఫార్మసీ ధరను ఈ సంఖ్యతో గుణించి చూడండి. మీది ఫ్లోటర్ పాలసీ, ఐదు లక్షలూ ముగ్గురికీ కలిపి. మీవారి ఇంజెక్షన్లకు ఆగస్టు కల్లా నాలుగు లక్షలు అయిపోతే, సెప్టెంబరులో పాపకు డెంగీ వచ్చి ఐసీయూలో చేర్చాల్సి వస్తే మిగిలేది ఒక్క లక్ష. టాప్-అప్ తీసుకోమని పైన చెప్పింది ఇందుకే. చాలా కంపెనీల్లో కార్పొరేట్ బఫర్ అని ఒక ఉమ్మడి నిధి కూడా ఉంటుంది, సమ్ ఇన్సూర్డ్ అయిపోయిన ఉద్యోగికి హెచ్ఆర్ సిఫార్సుతో ఇస్తారు. దాని గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు. అడగాలి. కొన్నిచోట్ల ప్రాణాంతక జబ్బులకు మాత్రమే అని రాసి ఉంటుంది, అదీ చూసుకోండి.

ఇంజెక్షన్ కోసం అవసరం లేకపోయినా ఒక రాత్రి అడ్మిట్ చేసుకుని 24 గంటలు చూపిద్దామని కొన్ని ఆసుపత్రులు సలహా ఇస్తాయి. ఒప్పుకోకండి. నర్సుల చార్టులో ఏ చికిత్సా లేని 22 గంటలు స్పష్టంగా కనబడతాయి. ఆ ఒక్క క్లెయిమ్ పోవడమే కాదు, తర్వాత వచ్చే ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తారు. కంపెనీకి ఫిర్యాదు వెళితే ఉద్యోగానికే ఎసరు.

డబ్బు అందకపోతే చికిత్స ఆగిపోయినట్టు కాదు. అడాలిముమాబ్‌కు మన దేశంలోనే తయారైన బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానమైనవి) 2014 నుంచి ఉన్నాయి. అప్రెమిలాస్ట్, టోఫాసిటినిబ్ మాత్రల్లో జెనెరిక్‌లు దొరుకుతున్నాయి, ఏది తగునో డాక్టర్ చెప్పాలి. మందు తయారుచేసే కంపెనీలు రోగులకు రాయితీ పథకాలు నడుపుతుంటాయి, నమోదు డాక్టర్ ద్వారానే జరుగుతుంది కాబట్టి ఆయన్నే అడగండి. మెథోట్రెక్సేట్ మళ్లీ రాస్తే మాత్రం అది వారానికి ఒక్కరోజే, రోజూ వేసుకునే మాత్ర కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించి ఫ్రిజ్ మీద అంటించండి.

నిజంగా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే

ఒళ్లంతా ఎర్రబడి పొలుసులు రాలుతూ వణుకు రావడం, చీము పొక్కులతో జ్వరం, పాప ఎగ్జిమా మీద ఇన్‌ఫెక్షన్ వచ్చి చీము కారడం, లేదా హెర్పిస్ సోకి ఒకేరకం చిన్న పొక్కులు గుంపులుగా లేవడం. ఇవి ఇంట్లో క్రీము రాసి ఆగే సందర్భాలు కావు. వీటికి గ్రూప్ పాలసీ పూర్తిగా పనిచేస్తుంది. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్‌కు తుది ఆమోదం మూడు గంటల్లో ఇవ్వాలి. 2024 నాటి ఐఆర్‌డీఏఐ ఆదేశం ఇది, డెస్క్ దగ్గర గుర్తుచేయండి.

డిశ్చార్జ్ సమ్మరీ ముసాయిదా దశలోనే చదవండి. "పరీక్షల నిమిత్తం చేర్చుకున్నాం" అన్న మాట ఉంటే కేవలం పరీక్షల కోసం చేరడమన్న మినహాయింపు కింద కొట్టేస్తారు. జ్వరం ఎంత, నాడి ఎంత, ఏ యాంటీబయాటిక్ నరం ద్వారా ఎన్నిరోజులు ఇచ్చారు, ఇంటి దగ్గర ఎందుకు కుదరదు అన్నవి ఉండాలి. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో నిజమే రాయించండి. వెయిటింగ్ మాఫీ అయిన గ్రూప్ పాలసీలో పదేళ్లని ఉన్నా మీకేం నష్టం లేదు. ఒక కాగితంలో పదేళ్లు, ఇంకో కాగితంలో రెండేళ్లు అని ఉంటేనే నష్టం.

ఇక్కడ చాలామంది వదిలేసే డబ్బు ఒకటుంది. చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జ్ అయ్యాక 60 రోజుల ఖర్చు, అదే జబ్బుకు సంబంధించినదైతే, పాలసీ ఇస్తుంది (కొన్ని పాలసీల్లో ఈ రోజులు ఇంకా ఎక్కువ). అంటే ఆ రెండు నెలల క్రీములు, మాయిశ్చరైజర్లు, రక్తపరీక్షలు, డాక్టర్ ఫీజులు అన్నీ. ఓపీడీ బెనిఫిట్ లేనివాళ్లకు కూడా. డిశ్చార్జ్ సమ్మరీలో మందుల జాబితా గ్రాములతో ఉంటే చాలు. గడువు 60 రోజులు ముగిశాక మరో 15 రోజులని ఉంటుంది సాధారణంగా, ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

బొల్లి ఉన్న కుటుంబాలు కూడా ఈ జవాబు చదువుతాయి కాబట్టి ఒక మాట. దాన్ని "రూపాన్ని మార్చే చికిత్స" అన్న మినహాయింపు కింద పెట్టేస్తుంటారు. బొల్లి రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చే జబ్బు. డాక్టర్ లెటర్‌లో ఆ మాట, ఎల్ 80 కోడ్, వ్యాపిస్తోందా ఆగిందా అన్నది ఉండాలి. మందులకు ఓపీడీ కింద ఇది పనిచేస్తుంది. చర్మం అంటించే ఆపరేషన్లకు మాత్రం ముందస్తు ఆమోదం లేకుండా అడుగు వేయకండి.

హెచ్ఆర్‌కు తెలిసిపోతుందా

ఈ భయంతో క్లెయిమ్ పెట్టకుండా మానేసేవాళ్లు ఉన్నారు, అది నన్ను చాలా బాధపెడుతుంది. క్లెయిమ్ కాగితాలు హెచ్ఆర్ మెయిల్‌కు పంపకండి, టీపీఏ పోర్టల్‌లో మీరే అప్‌లోడ్ చేయండి. బఫర్ అడిగేటప్పుడు మాత్రం జబ్బు పేరు చెప్పక తప్పదు. కంపెనీ ఉచిత కౌన్సెలింగ్ ఇస్తుంటే దాన్ని కూడా వాడుకోండి. అది బయటి సంస్థ నడిపేది, ఎవరు ఏం మాట్లాడారో కంపెనీకి చేరదు. రాత్రంతా గోక్కునే పాపతో నిద్రలేని తల్లికి అది క్రీము ఎంత అవసరమో అంత అవసరం. మానసిక చికిత్సను శరీర చికిత్సతో సమానంగా బీమా చేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది.

మీవారి జీతం నెలకు 21,000 లోపు ఉండి ఆయన సంస్థ ఈఎస్ఐ కిందికి వస్తే, మీ ప్లాన్ మారిపోతుంది. ఈఎస్ఐలో ఓపీడీ, మందులు, చేరికలు అన్నీ ఉన్నాయి, కుటుంబానికి కూడా. పాత జబ్బన్న ప్రశ్నే లేదు. జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి డిస్పెన్సరీ నుంచి రిఫరల్‌తో వెళ్లండి. పాప పేరు, ఫోటో కార్డులో చేర్చారా అన్నది మొదట చూసుకోండి.

సొంత పాలసీ, ఉద్యోగం మారడం

ఉద్యోగం వదిలిన రోజుతోనే చాలా గ్రూప్ పాలసీలు ఆగిపోతాయి. రెండు ఉద్యోగాల మధ్య నెల రోజులు ఖాళీ ఉంటే ఆ నెలంతా ఏ రక్షణా ఉండదు. గ్రూప్‌లో ఉన్నవాళ్లు అదే బీమా కంపెనీ సొంత పాలసీకి మారే వీలుంది, గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తుంది. రాజీనామా ఇచ్చిన రోజే అడగండి, రిలీవ్ అయ్యాక కాదు. అయినా వాళ్లు జబ్బును పరిశీలించి నిర్ణయం తీసుకుంటారు, హామీ ఏమీ లేదు. అందుకే ఉద్యోగం ఉండగానే మీకూ పాపకూ సొంత పాలసీ మొదలుపెట్టి, మీవారి పేరునూ దరఖాస్తులో చేర్చి, వాళ్లేమంటారో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ప్రీమియం ఆ మేరకు తగ్గింది.

దరఖాస్తులో సోరియాసిస్ దాచకండి. ఏజెంట్ "రాయక్కర్లేదు సార్, చర్మపు జబ్బే కదా" అంటాడు. ఐదేళ్లు, అంటే 60 నెలలు, పాలసీ నిరాటంకంగా నడిచాక దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు, మోసం నిరూపిస్తే తప్ప. ఆ ఐదేళ్లలోపు మాత్రం మీవారికి గుండెనొప్పి వచ్చినా పాత సోరియాసిస్ చీటీ చూపించి పాలసీ మొత్తం రద్దు చేయవచ్చు. చర్మం కోసం దాచిన నిజం గుండెకు అడ్డం పడుతుంది.

పన్ను గురించి అడిగేవాళ్లుంటారు: కొన్ని జబ్బుల చికిత్స ఖర్చుకు పన్ను మినహాయింపు ఇచ్చే 80డీడీబీ కింద వచ్చే జబ్బుల్లో సోరియాసిస్, ఎగ్జిమా లేవు. మీ జీతంలోంచి కోసే టాప్-అప్ ప్రీమియంకు 80డీ (ఆరోగ్య బీమా ప్రీమియం మీద పన్ను మినహాయింపు) వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.

రెన్యువల్‌కు ముందు కంపెనీని అడగాల్సింది

గ్రూప్ పాలసీ ఏటా కొత్తగా కొంటారు. రెన్యువల్‌కు రెండు మూడు నెలల ముందు బ్రోకర్ కొటేషన్లు తెస్తాడు, మార్చుకోవడానికి అదే సమయం. తర్వాత ఎంత బతిమాలినా కుదరదు. "చర్మ జబ్బులు కవర్ చేయండి" అని అడిగితే "కవరే కదా" అంటారు. ఇలా అడగండి: డే కేర్ పట్టికలో "చర్మం కింద ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్లు", "నారోబ్యాండ్ యూవీబీ" అని పేరుపెట్టి చేర్చమనండి. మోనోక్లోనల్ సబ్‌లిమిట్ తీసేయమనండి, కుదరకపోతే 50 శాతానికి పెంచమనండి. బఫర్‌ను దీర్ఘకాలిక జబ్బులకు కూడా వర్తించేలా రాయమనండి. ఓపీడీకి కుటుంబానికి ఏడాదికి ఇంత అని పరిమితి పెడితే కంపెనీకి ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది, కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆస్తమా, షుగర్, థైరాయిడ్ ఉన్న సహోద్యోగులతో కలిసి దీర్ఘకాలిక మందుల ఓపీడీ అని అడిగితే బలం వస్తుంది. ఎవరి జబ్బు ఏదో బయటపెట్టాల్సిన పనీ ఉండదు.

క్లెయిమ్ కొట్టేస్తే

ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఏ నిబంధన కింద కొట్టేశారో, దాని నంబరుతో సహా రాతపూర్వకంగా అడగండి. బీమా కంపెనీలో ముగ్గురు సభ్యుల క్లెయిమ్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు. ఆ ఆమోదం జరిగిందా అని మెయిల్‌లో అడగండి, కొన్ని ఫైళ్లు ఆ ఒక్క ప్రశ్నకే మళ్లీ తెరుచుకుంటాయి. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ అధికారికి, డాక్టర్ కొత్త లెటర్ జతచేసి రాయండి. బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ఫోన్ నంబరు 155255. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. గ్రూప్ పాలసీ ఫిర్యాదులూ తీసుకుంటారు, 50 లక్షల దాకా విచారిస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. బీమా కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. పాలసీ కాపీ, తిరస్కరణ లెటర్, గ్రాములతో రాసిన ఆ చీటీ, స్కోర్లున్న డాక్టర్ లెటర్ తీసుకెళ్లండి.